ఎదుటివారి భయాన్నే రూపంగా ధరించే జీవి: బోగర్టుకు మూలం స్టీఫెన్ కింగ్ నవలేనా?

రాయగడ నుంచి ఒక యువ రచయిత అడిగిన ప్రశ్న ఇది. హ్యారీ పాటర్ మూడవ పుస్తకంలోని బోగర్టు, స్టీఫెన్ కింగ్ ‘ఇట్’ నవలలోని జీవి, రెండూ ఎదుటి మనిషి దేనికి ఎక్కువగా భయపడతాడో ఆ రూపాన్నే ధరిస్తాయి. కింగ్ నవల ముందు వచ్చింది కాబట్టి హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్ అక్కడి నుంచే తీసుకున్నారా, లేక రెండింటికీ ముందు మరో మూలం ఉందా, మన కథల్లో ఇటువంటిది ఉందా, తాను రాస్తున్న పిల్లల నవలలో ఇటువంటి జీవిని పెడితే అనుకరణ అంటారా అని వారి సందేహం.

ముందుగా సూటి సమాధానం చెబుతాను. బోగర్టు పేరు, ఇంటి మూలల్లో చీకట్లో కాపురం ఉండే దాని స్వభావం ఉత్తర ఇంగ్లండు జానపద కథల నుంచి వచ్చాయి. చూసేవారి మనసులోని భయాన్ని పసిగట్టి ఆ రూపం ధరించే గుణం మాత్రం ఆ కథల సొత్తు కాదు; అది ఇరవయ్యవ శతాబ్దపు రచయితలు కొందరు ఎవరి దారిలో వారు చేరుకున్న ఊహ. కింగ్ నవల 1986లోనూ, రౌలింగ్ పుస్తకం 1999లోనూ వచ్చాయన్నది నిజమే గానీ, ఒకటి ముందు, ఒకటి వెనుక వచ్చినంత మాత్రాన ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని తేలదు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, పోలిక పైపైనే ఉన్నదనీ లోపలి నియమాలు వేరనీ కనిపిస్తుంది.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో చాలా ఏళ్లు ఆంగ్ల సాహిత్యం బోధించాను. ఇప్పుడు ఆదివారాలు పిల్లలకు కథలు చెబుతున్నాను. ఈ ప్రశ్నను తరగతి గదిలోనూ, పిల్లల ముందు చాప మీద కూర్చునీ, రెండు విధాలుగానూ ఎదుర్కొన్నాను కాబట్టి కాస్త విస్తరించి రాస్తున్నాను.

జానపద బోగర్టు లాంకషైర్, యార్క్‌షైర్ పల్లెల్లో ఇంటిని పట్టుకుని ఉండే ఒక అల్లరి భూతం. మాంచెస్టరు నగరంలో దాని పేరు మీద బోగర్ట్ హోల్ క్లఫ్ అనే పెద్ద పార్కు ఇప్పటికీ ఉంది. ఆ భూతం దుప్పట్లు లాగుతుంది, గిన్నెలు దొర్లిస్తుంది, పిల్లల చేతిలోని రొట్టె లాక్కుంటుంది. యార్క్‌షైర్‌లో చెప్పే ఒక కథలో అది ఒక రైతు ఇంట్లో మెట్ల కింద ఉన్న చెక్క గదిలో ఉంటుంది. ఆ గది పలకలో ముడి ఊడిపోయి ఒక బెజ్జం పడి ఉంటుంది. ఇంట్లోని చిన్న పిల్లవాడు బూటు తొడుక్కునేటప్పుడు మడమ దగ్గర పెట్టుకునే కొమ్ము బద్దను ఆ బెజ్జంలోకి దూరుస్తాడు. లోపలి నుంచి అది రివ్వున తిరిగి వచ్చి తగులుతుంది. పిల్లలకు భయం పోయి అదే ఆట అవుతుంది.

ఈ కథ చెప్పేటప్పుడు నేను మా ఊరి కొమ్ము పనివారు చేసిన ఒక దువ్వెనను చేతిలో పట్టుకుంటాను. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు, దువ్వెనలకు పేరున్న ఊరు కాబట్టి బూటు కొమ్ము అంటే ఏమిటో తెలియని పిల్లలకు కూడా ఆ నునుపు, ఆ వంపు వెంటనే అర్థమవుతాయి. ఆ దువ్వెనను పలక సందులోకి తోసినట్టు చూపి చటుక్కున వెనక్కి లాగితే, ముందు వరుసలోని పిల్లలు ఒక్కసారిగా వెనక్కి జరుగుతారు, మరుక్షణమే మళ్లీ చెయ్యమంటారు. భయమూ నవ్వూ అంత దగ్గరగా ఉంటాయని నాకు పుస్తకాలకంటే ఆ దువ్వెనే బాగా నేర్పింది.

చివరకు వేధింపు భరించలేక ఆ రైతు సామాను బండికెత్తి ఊరు విడిచి బయలుదేరతాడు. దారిలో ఎదురైన పొరుగువాడు ‘ఇల్లు ఖాళీ చేస్తున్నారా?’ అని అడిగితే, బండి మీది వెన్న చిలికే పీపాలోంచి ‘అవును, ఖాళీ చేస్తున్నాం’ అని బోగర్టు గొంతు జవాబిస్తుంది. ఇక ఎక్కడికి పోయినా ఒకటేనని రైతు బండి వెనక్కి తిప్పుకుంటాడు.

ఇందులో రౌలింగ్ బోగర్టుకు చెందినవి ఏమిటో గమనించండి. చెక్క గదిలో, మూసిన తలుపు వెనుక ఉండటం ఉంది. మూడవ పుస్తకంలో అది పాత బట్టల బీరువాలో ఉంటుంది. పిల్లలే దానితో ఆడుకుని భయం పోగొట్టుకోవడం ఉంది. జానపద బోగర్టులు నల్ల కుక్కగానో, తల లేని మనిషిగానో రూపం మార్చే కథలు కూడా ఉన్నాయి. అయితే అవి తమ ఇష్టం వచ్చిన రూపం ధరిస్తాయి, చూసేవారిని బట్టి మారవు. ఈ తేడాయే మీ ప్రశ్నకు కీలకం. మన భాషలో ఇష్టానుసారం రూపం మార్చే వారికి కామరూపి అనే మాట ఉంది. బంగారు లేడి అయిన మారీచుడు, అందగత్తెగా వచ్చిన శూర్పణఖ, 1957 నాటి మాయాబజార్ చిత్రంలో శశిరేఖగా మారిన ఘటోత్కచుడు అందరూ కామరూపులే. వారి రూపాన్ని వారి అవసరం నిర్ణయించింది. రౌలింగ్ బోగర్టు కామరూపి కాదు. దానికి సొంత రూపమంటూ ఉన్నదో లేదో ఎవరికీ తెలియదని లూపిన్ మాష్టారు తరగతిలో చెబుతాడు, ఎందుకంటే చూసేవారు ఉన్నంతసేపు అది చూసేవారి భయమే.

ఇక కింగ్ సంగతి. ఆయన తన నవలకు బీజం ఎక్కడ పడిందో తానే చెప్పుకున్నారు. 1978లో కొలరాడోలోని బౌల్డరులో ఉన్నప్పుడు, మరమ్మతుకు ఇచ్చిన కారు తెచ్చుకోవడానికి సాయంత్రం వేళ నడిచి వెళ్తూ ఒక చెక్క వంతెన దాటుతుంటే, కింద ట్రోల్ అనే రాక్షసుడు కాచుకుని ఉండగా మూడు మేకలు వంతెన దాటే నార్వే జానపద కథ గుర్తుకు వచ్చిందట. ఆ వంతెనను ఒక ఊరుగా, కింద ఉన్నదాన్ని ఆ ఊరి మురుగు కాలువల్లోని రాక్షసిగా మార్చి, 1981 నుంచి 1985 వరకు రాశారు. అంటే రౌలింగ్‌కు లాగానే ఆయనకూ తొలి అడుగు పిల్లల జానపద కథే. ఇద్దరి పొలాలు వేరైనా నీరు పెట్టిన చెరువు ఒకే తీరుది.

సాహిత్యంలో ప్రభావాన్ని తేల్చేటప్పుడు నేను విద్యార్థులకు ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి: రూపాన్ని పోల్చకండి, నియమాన్ని పోల్చండి. ఆ జీవికి ఏమి కావాలి, దేనికి అది లోబడుతుంది, దాన్ని ఎలా ఓడిస్తారు అన్న మూడు ప్రశ్నలు వేస్తే బండారం బయటపడుతుంది.

కింగ్ జీవికి ఆహారం కావాలి. భయపడిన పిల్లల మాంసం దానికి ఉప్పు వేసిన కూరలా రుచిస్తుంది, అందుకే భయపెడుతుంది. పిల్లల భయాలకు స్పష్టమైన ఆకారం ఉంటుంది కాబట్టి పెద్దలకంటే పిల్లలే దానికి సులువు. సుమారు 27 ఏళ్లకు ఒకసారి లేచి, తిని, నిద్రపోతుంది. రౌలింగ్ బోగర్టు ఎవరినీ తినదు. భయపెట్టడమే దాని బతుకు. కింగ్ జీవి ఏ రూపం ధరిస్తే ఆ రూపపు నియమానికి కట్టుబడుతుంది. తోడేలు మనిషిగా వచ్చినప్పుడు దాన్ని వెండి గాయపరచగలదని పిల్లలు సినిమాల వల్ల నమ్మారు. వెండి నాణెం కరిగించి చేసిన గుండును పంగలకర్రతో కొట్టినప్పుడు నిజంగానే గాయపడింది. ఇది చాలా లోతైన నియమం, ఆ నవలకే ప్రత్యేకమైనది. భయం ఎంత నిజమో, భయానికి మందుందన్న నమ్మకమూ అంతే నిజమని దాని అర్థం. బోగర్టుకు ఈ నియమం లేదు. హ్యారీ స్నేహితుడు రాన్ ముందు సాలీడుగా వచ్చిన బోగర్టును ఓడించడానికి సాలీడును చంపే ఉపాయమేదీ పనికిరాదు; దాని కాళ్లు మాయం చేసి దొర్లించి, చూసి నవ్వాలి.

మీ అనుమానానికి బలం చేకూర్చే అంశం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కింగ్ నవలలో కూడా నవ్వుకు శక్తి ఉంది. చివరి పోరాటపు క్రతువులో ఇద్దరు ప్రత్యర్థులు నాలుకలు కరుచుకుని హాస్యోక్తులు చెప్పుకుంటారు, ముందుగా నవ్వినవాడు ఓడినట్టు. కాబట్టి రెండు చోట్లా భయమూ నవ్వూ ఎదురెదురుగా నిలిచాయన్నది నిజం. అయితే దుష్టశక్తిని నవ్వి తరమాలన్న ఊహ కింగ్‌ది కూడా కాదు. సి.ఎస్. లూయిస్ 1942లో ప్రచురించిన ‘స్క్రూటేప్ లెటర్స్’ ఆరంభంలోనే, సైతాను ఎగతాళిని భరించలేడని మార్టిన్ లూథర్, థామస్ మోర్ చెప్పిన మాటలను ఉదహరించారు. వారిద్దరూ పదహారవ శతాబ్దపు వారు. నాలుగు వందల ఏళ్లకు పైగా ఊరంతా తాగుతున్న బావి నీరు ఇద్దరి కుండల్లో కనిపిస్తే, ఒకరి కుండలోంచి మరొకరు తోడుకున్నారని అనలేం కదా.

భయానికి వ్యక్తిని బట్టి రూపం మారుతుందన్న ఊహకు సాహిత్యంలో పూర్వీకులు ఎవరని అడిగితే, నేను ఇద్దరి పేర్లు చెబుతాను. మొదటివారు జార్జ్ ఆర్వెల్. 1949లో వచ్చిన ‘1984’ నవలలో ఖైదీలను హింసించే 101వ నంబరు గది ఉంది. అందులో ఉండేది లోకంలోకెల్లా ఘోరమైన వస్తువు. అయితే అది మనిషికొక తీరుగా ఉంటుంది, కథానాయకుడు విన్‌స్టన్‌కు ఎలుకలు. అక్కడ జీవి లేదు, ఒక ప్రభుత్వం ఉంది. అయినా బోగర్టు బీరువాలోని సూత్రమే ఆ గది సూత్రం కూడా. రెండవవారు రే బ్రాడ్‌బరీ. 1950లో పుస్తకంగా వచ్చిన ఆయన అంగారక కథల్లో ‘మార్షియన్’ అనే కథ ఉంది. అందులోని జీవి భయాన్ని కాక ఆశను ధరిస్తుంది. కొడుకును పోగొట్టుకున్న ముసలి దంపతులకు కొడుకుగా, ఆ ఊళ్లోనే మరో ఇంటికి చనిపోయిన కూతురుగా కనిపిస్తుంది. చివరకు జనం మధ్య చిక్కుకుని, ఒక్కొక్కరి చూపుకూ ఒక్కొక్క ముఖం తెచ్చుకోలేక, కరిగిపోయి చనిపోతుంది.

ఈ కథను బోగర్టు పక్కన పెట్టి చూడండి. బోగర్టును ఎదుర్కొనేటప్పుడు ఒంటరిగా ఉండకూడదని, పలువురు ఉంటే అది తికమక పడుతుందని లూపిన్ చెబుతాడు. తల లేని శవమా, మాంసం తినే నత్తయా అన్న సందిగ్ధంలో పడిన ఒక బోగర్టు సగం నత్తగా మారి ఎవరినీ భయపెట్టలేకపోయిందని ఒక ఉదాహరణ కూడా ఇస్తాడు. చూసేవారు ఎక్కువైతే రూపం చెదిరిపోవడమన్న ఈ నియమం కింగ్ కంటే బ్రాడ్‌బరీకి ఎంతో దగ్గరగా ఉంది. బ్రాడ్‌బరీ దగ్గర విషాదమైనది రౌలింగ్ దగ్గర హాస్యమైంది. రౌలింగ్ ఆ కథ నుంచే తీసుకున్నారని నేను అనడం లేదు. సాహిత్య మూలం వెతకదలచుకుంటే 1986 నవల దగ్గర ఆగిపోకుండా ఇటువైపు చూడమంటున్నాను.

మన కథల విషయానికి వస్తే, చూసేవారిని బట్టి రూపం మారడానికి నాకు తెలిసినంతలో అత్యంత గొప్ప ఉదాహరణ భాగవత దశమ స్కంధంలో ఉంది. కృష్ణుడు కంసుడి రంగస్థలంలోకి అడుగుపెట్టినప్పుడు ‘మల్లానామశనిః’ అని మొదలయ్యే శ్లోకం వస్తుంది. మల్లులకు పిడుగుగా, స్త్రీలకు మన్మథుడిగా, తల్లిదండ్రులకు పసిబిడ్డగా, కంసుడికి సాక్షాత్తు మృత్యువుగా కనిపించాడు. కృష్ణుడు రూపం మార్చలేదు. చూసేవారి మనసులే మార్చుకున్నాయి. అంతకు ముందు రాత్రి కంసుడికి కనిపించిన దుశ్శకునాల్లో ఒకటి నన్ను ఎప్పుడూ వదలదు: ప్రతిబింబం ఉంది గానీ అందులో తన తల కనిపించలేదు. బయట ఏ భూతమూ రాకుండానే మనిషి భయం అద్దంలోంచి తలను తీసేసింది. వేదాంతంలో తాడును పాముగా భ్రమించే ఉపమానమూ, ‘అనుమానం పెనుభూతం’ అన్న సామెతా ఈ దారిలోవే.

మా ప్రాంతంలో రూపం మారే కథలు వేరే ఉన్నాయి. ఇక్కడి గిరిజనులైన కొంధుల్లో కొందరు పులిగా మారగలరన్న నమ్మకం ఉంది, ఒడియాలో దాన్ని పాలటా బాఘ అంటారు. ఇది కామరూపుల వర్గంలోకే వస్తుంది, ఎవరు చూసినా అది పులే. మీకు పనికొచ్చేది అంతకంటే చిన్న మాట ఒకటుంది. తెలుగు ఇళ్లలో బూచాడు అంటారు, ఒడియా ఇళ్లలో కోకువా అంటారు. ఏదైనా జంతువో దొంగల ముఠానో తిరుగుతున్నదని ఊళ్లు వణికినప్పుడు ఒడియా పత్రికలు ఇప్పటికీ ‘కోకువా భయం’ అనే రాస్తాయి. ఈ రెండింటికీ ఉన్న బలమంతా వాటిని ఎవరూ వర్ణించకపోవడంలోనే ఉంది. అమ్మ ‘అదిగో బూచాడు’ అని ఊరుకుంటుంది, రూపం బిడ్డే ఇచ్చుకుంటుంది. చూసేవారి భయాన్నే రూపంగా ధరించే జీవి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. దానికి రచయిత లేడు, అంతే.

ఒక ఆదివారం పిల్లలకు కాగితాలిచ్చి బూచాణ్ణి గానీ కోకువాను గానీ గీయమన్నాను. కొమ్ములు, కోరలు చాలానే వచ్చాయి. ఒక అమ్మాయి మనిషిని గీయకుండా మూతి కట్టిన గోనె సంచి ఒక్కటే గీసింది, దానికి ఒక వైపు ఉబ్బు. కొండ ఊరి నుంచి వచ్చి ఇక్కడ హాస్టలులో చదువుకుంటున్న ఒక సవర పిల్లవాడు ఏనుగును గీశాడు. అందరూ నవ్వబోతే, రాత్రిపూట తమ చేలోకి అదే వస్తుందని చెప్పాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ తరువాత బీరువా ఘట్టాన్ని తెలుగులో ఆడించాం. హ్యారీ తరగతిలోని నెవిల్ భయపడే స్నేప్ మాష్టారికి నాయనమ్మ బట్టలు తొడిగినట్టు ఊహించుకునే చోట పిల్లలు విరగబడి నవ్వారు. చిక్కు మరో అబ్బాయి దగ్గర వచ్చింది. అతని వంతు వచ్చినప్పుడు ‘నాకు కనిపించేదానికి భయం లేదు, రేకుల మీద వాన చప్పుడంటే భయం’ అన్నాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా కొండల్లో ఏమి జరిగిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అతను ఇంట్లో ఉన్నాడు. బోగర్టు చప్పుడుగా ఎలా మారుతుంది, చప్పుడుకు నవ్వొచ్చే వేషం ఎలా వేస్తారు అని పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. చివరకు అతణ్ణి ఒంటరిగా ముందుకు పంపడం మానేసి, నలుగురు అతనితో పాటు బీరువా ముందు నిలబడ్డారు. పుస్తకంలో లూపిన్ చెప్పిన మాటే అది, నేను గుర్తు చేయకుండానే చేశారు.

రౌలింగ్ కూడా ఈ పరిమితిని ఎరుగుదురు. హ్యారీ ముందు బోగర్టు డిమెంటరుగా, అంటే మనిషిలోని సంతోషాన్ని పీల్చేసే జీవిగా మారుతుంది. నువ్వు భయపడేది భయానికేనని లూపిన్ అతనితో అంటాడు. ఐదవ పుస్తకంలో రాన్ తల్లి మిసెస్ వీస్లీ ముందు అది వరుసగా తన పిల్లల, భర్త శవాలుగా మారుతుంటే, అంత అనుభవమున్న మంత్రగత్తె కూడా నవ్వించే మంత్రం ఫలించక ఏడుస్తుంది. పిల్లల భయానికి వేషం వేయవచ్చు గానీ తల్లి భయానికి వేషం కుదరదు. నా దృష్టిలో బోగర్టు గురించి రౌలింగ్ రాసిన వాటిలో అన్నింటికంటే గొప్ప ఘట్టం అదే, అటువంటిది కింగ్‌లో లేదు.

ఇక మీ నవల. చూసేవారి భయాన్ని ధరించే జీవి అన్న ఊహ ఎవరి సొంత ఆస్తీ కాదు, నిశ్చింతగా వాడండి. బీరువా, నవ్వించే మంత్రం, మురుగు కాలువ, కింగ్ జీవి వేసే విదూషకుడి వేషం, 27 ఏళ్ల నిద్ర మాత్రం ఆయా రచయితల ముద్రలు, వాటి జోలికి పోవద్దు. మీ జీవికి మీదైన ఒక నియమం పెట్టండి. మీరు పంపిన మొదటి అధ్యాయంలో అది ధాన్యపు గాదెలో ఉంటుంది, తెలుగు పిల్లవాడికి ఒక రూపంలో, ఒడియా పిల్లకు మరో రూపంలో కనిపిస్తుంది. అది బాగుంది. అయితే ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడి గాదె మూత ఎత్తినప్పుడు ఏమి కనిపిస్తుందో మీరు ఇంకా రాయలేదు. ముందు ఆ ఒక్క పుట రాసి, మిగతా నవలను దాని చుట్టూ కట్టండి.